కచేరీ మధ్యలో లేచి రావచ్చునా?

ముందుగా ఒక మాట. ఈ వ్యాసానికి 'లేచిపోవచ్చునా?' అని శీర్షిక పెట్టబోయి ఆగాను. తెలుగులో లేచిపోవడానికి వేరే అర్థం ఉంది. విద్యార్థి సంఘం సంచికలో అలాంటి శీర్షిక చూస్తే వార్డెను గారు కంగారు పడతారు. అంచేత లేచి రావడం అంటున్నాను. బాగుండని పాట కచేరీలోంచి, అది పూర్తి కాకుండానే, మెల్లిగా బయటికి వచ్చేయడం గురించే ఈ నాలుగు మాటలూ.

1984లో నేను ఇక్కడ ఎమ్మెస్సీ చదువుతున్నప్పుడు ఊళ్లో ఒక సభవారు గాత్ర కచేరీ పెట్టారు. ఆరు గంటలకన్నారు. ముఖ్య అతిథి గారు వచ్చి, ఆయన మాట్లాడి, ఆయన్ని పరిచయం చేసినవారు ఆయన కంటె ఎక్కువ మాట్లాడి, మొత్తం మీద ఏడు దాటాక వర్ణం మొదలైంది. పాడినాయన పెద్ద విద్వాంసుడే. ఆ రోజు గొంతు పట్టేసింది. పై షడ్జం దగ్గరికి వెళ్లినప్పుడల్లా మేము ఊపిరి బిగబట్టాం. దానికి తోడు మైకు. అది మధ్యమధ్య కూతవేటు దూరంలో రైలింజను ఉన్నట్టు కూసేది. హాస్టలు నుంచి వెళ్లిన వాళ్లం ఏడుగురం. పాసులు తెచ్చింది మా గది మిత్రుడు. ఎందుకంటే ఆ రోజు మృదంగం వాయిస్తున్నది వాళ్ల నాన్నగారు.

పెద్ద కీర్తన అయింది. స్వరకల్పన అయింది. గాయకుడు చేతులు ముడుచుకొని మృదంగం వైపు తిరిగాడు. తని ఆవర్తనం మొదలైంది. సరిగ్గా అప్పుడు మా వరసలో ఒకడు గడియారం చూసుకొని, "ఒరేయ్, తొమ్మిదింబావుకి బస్సు" అన్నాడు. ఆరుగురం లేచాం. మేమేకాదు, హాల్లో మూడోవంతు మంది లేచారు. కుర్చీలు కిర్రుమన్నాయి. మా మిత్రుడు లేవలేదు. మాకేసి చూడనూ లేదు.

ఇంతకీ మేము చేసింది తప్పేనా? చాలా ఏళ్లు ఈ ప్రశ్నని రెండు పక్కలనించీ విన్నాను. ఒక పక్షం వారిది మర్యాద వాదం: కళాకారుడు పాడుతుంటే లేవడం అవమానం, బాగున్నా బాగులేకపోయినా మంగళం దాకా కూర్చోవాలి. రెండో పక్షం వారిది హక్కు వాదం: టిక్కెట్టు నాది, సాయంత్రం నాది, నచ్చకపోతే వెళ్తాను. నా మటుకు ఈ రెండూ అసలు సంగతిని పట్టించుకోలేదనే అనిపిస్తుంది. లేవవచ్చు. చాలాసార్లు లేవడమే మంచిది. కాని మనవాళ్లలో ఎక్కువమంది లేచే ఘడియ ఉందే, అది కచేరీ మొత్తంలోకీ లేవకూడని ఘడియ. ఎందుకలా జరుగుతోందో కాస్త వివరిస్తాను.

మొదట డబ్బు సంగతి తేల్చేద్దాం. "అయిదువందలు పోసి కొన్నాం, ఎలా వెళ్తాం?" అని చివరిదాకా కూర్చొని తలనొప్పి తెచ్చుకొనేవారు నాకు తెలిసి చాలామంది. అర్థశాస్త్రం చదివే మిత్రులకి ఇది కొత్త కాదు. ఆ అయిదువందలు మునిగిన ఖర్చు. కూర్చున్నా తిరిగి రాదు, లేచినా తిరిగి రాదు. ఇక మన చేతిలో మిగిలింది ముందున్న గంట మాత్రమే. అయినా మనసు ఒప్పుకోదు. దీని మీద హాల్ ఆర్క్స్, కాథరిన్ బ్లూమర్ అనే ఇద్దరు పరిశోధకులు 1985లో ఒక పత్రం ప్రచురించారు. అమెరికాలో ఒహైయో విశ్వవిద్యాలయం నాటకశాలలో ఏడాది పొడుగునా చూసే నాటకాల టిక్కెట్లు కొనడానికి వచ్చినవారిలో కొందరికి పూర్తి ధర 15 డాలర్లకి ఇచ్చారు, కొందరికి 2 డాలర్లు తగ్గించారు, ఇంకొందరికి 7 డాలర్లు తగ్గించారు. ఎవరికి ఏది అన్నది వారి ఇష్టం మీద కాదు, చీటీ వేసినట్టే. నాటకాలు అందరికీ అవే. అయినా పూర్తి డబ్బు కట్టినవారు మొదటి సగం నాటకాలకి మిగిలినవారి కంటె ఎక్కువసార్లు హాజరయ్యారు. తమాషా ఏమిటంటే రెండో సగానికి వచ్చేసరికి ఆ తేడా కనపడలేదు. అంటే డబ్బు పోసిన నొప్పి కొన్ని నెలలే ఉంటుంది. టిక్కెట్టు కొన్న రోజు సాయంత్రమే కచేరీ అయితే, ఆ నొప్పి పచ్చిగా ఉన్నప్పుడే మనం నిర్ణయం తీసుకోవలసి వస్తోందన్నమాట.

కాబట్టి డబ్బు కోసం కూర్చోకండి. ఇక్కడిదాకా హక్కు వాదులతో నాకు పేచీ లేదు.

అయితే "బాగులేదు" అని ఎప్పుడు తేల్చుకోవాలి? ఇక్కడ కర్ణాటక సంగీత కచేరీ నడక కొంచెం తెలియాలి. ఈనాడు మనం వినే కచేరీ క్రమాన్ని స్థిరపరిచిన ఘనత అరియక్కుడి రామానుజ అయ్యంగారికి (1890–1967) ఇస్తారు. మొదట వర్ణం. తరవాత చిన్న కృతులు, ఒకటి రెండు వేగంగా సాగేవి. ఆ పైన ఒక రాగాన్ని కొద్దిగా ఆలాపన చేసి పాడే కృతి. సభ నిలదొక్కుకొన్నాక ప్రధాన కృతి, లేదా రాగం తానం పల్లవి. దాని చివర తని ఆవర్తనం. తరవాత తుక్కడాలు. అంటే జావళి, పదం, తిల్లాన, అన్నమయ్య పాట, భజన వంటివి. చివర మంగళం. పూర్వం ఇదంతా నాలుగైదు గంటలు పట్టేది. ఇప్పుడు చాలాచోట్ల రెండు, రెండున్నర గంటల్లో ముగిస్తున్నారు.

ఈ వరస ఊరికే పెట్టింది కాదు. వర్ణం గాయకుడి గొంతుకి కసరత్తు. మైకు చూసే అబ్బాయికి కూడా అదే కసరత్తు. వయొలిన్ ఎంత వినపడాలి, మృదంగం ఎడమ పక్క ఎంత మోగాలి అన్నది ఆ పది నిమిషాల్లోనే తేలుతుంది. ఇక మృదంగం సంగతి. కుడి మూతికి మధ్యన నల్లటి కరణ ఉంటుంది, అది శాశ్వతం. ఎడమ మూతికి మాత్రం కచేరీకి ముందు తడిపిన బొంబాయి రవ్వ ముద్ద పెట్టాలి, అయిపోయాక గీకేయాలి. గాలిలో తడి, హాలులో చల్లదనం మారితే తోలు బిగువు మారుతుంది, శ్రుతి తప్పుతుంది. అందుకే విద్వాంసుడు పాటకీ పాటకీ మధ్య చిన్న రాయితోనో కర్రముక్కతోనో అంచు మీద టకటక కొడుతూ ఉంటాడు. మా వెనక కూర్చున్న ఒకాయన ఆ రోజు, "ఎంతసేపూ రిపేరేనా?" అన్నాడు. రిపేరు కాదండీ, అదే శ్రుతి చేసుకోవడం.

అంచేత మొదటి ముప్ఫై నలభై నిమిషాలు విని కచేరీ మీద తీర్పు చెప్పడం తొందరపాటు. పొయ్యి మీద ఎసరు కాగుతుండగానే అన్నం రుచి చూసినట్టు. ప్రధాన కృతి రాకముందే లేచినవాడు విన్నది సగం కూడా కాదు. ప్రధాన కృతి విన్నాక కూడా మనసుకి పట్టకపోతే, అప్పుడు లేవాలనుకోవడం న్యాయమే. చిక్కు అక్కడే వచ్చింది. ప్రధాన కృతి అవగానే వచ్చేది తని.

తనికే జనం ఎందుకు లేస్తారు? "తాళం తెలియదు కనక" అంటారు చాలామంది. అది సగం కారణమే. నాకు తోచిన మిగతా సగం ఇది: మన కచేరీకి విశ్రాంతి లేదు. సినిమాకి ఇంటర్వెల్ ఉంది. నాటకానికి తెర ఉంది. పాశ్చాత్య సంగీత సభల్లో చాలావాటికి మధ్యలో విరామం ఉంది, నచ్చనివాడు కోటు తగిలించుకొని ఎవరికీ తెలియకుండా ఇంటికి పోవచ్చు. మనకి రెండు మూడు గంటలూ ఏకబిగిన సాగాలి. కూర్చున్నవారికి నడుములు పడతాయి, పెద్దవారికి బయటికి వెళ్లవలసిన అవసరం ఉంటుంది, కాఫీ మీదికి ప్రాణం లాగుతుంది. అలాంటప్పుడు వేదిక మీద 'పెద్దాయన' నోరు మూసుకొని కూర్చొనే పది పదిహేను నిమిషాలు ఒక్క తనిలోనే దొరుకుతాయి. జనం తమంతట తామే దాన్ని ఇంటర్వెల్ చేసుకొన్నారు. మద్రాసు డిసెంబరు కచేరీలకి వెళ్లివచ్చినవారిని అడగండి, తని మొదలైతే క్యాంటీను నిండుతుందన్నది అక్కడ పాత హాస్యం.

మరి పందిట్లో ఎలా? శ్రీరామనవమి పందిట్లో కచేరీ జరుగుతుంటే ఎవరు ఎప్పుడు వచ్చారో, ఎప్పుడు వెళ్లారో ఎవరూ పట్టించుకోరు. పిల్లలు నిద్రపోతారు. పానకం గ్లాసులు తిరుగుతాయి. ఒకాయన సైకిలు మీద కాలు ఆనించి రెండు కీర్తనలు విని వెళ్లిపోతాడు. అది తప్పని ఏ విద్వాంసుడూ అనుకోలేదు. ఎందుకంటే పందిరికి తలుపు లేదు. ఆ అలవాటుతోనే మనం హాల్లోకి వచ్చాం. హాల్లో వరసలున్నాయి, దీపాలు వేదిక మీదే ఉన్నాయి, తలుపు తీస్తే వీధి వెలుతురు లోపలికి పడుతుంది. లేచినవాడు అందరికీ కనపడతాడు. వేదిక మీదివారికి మరీనూ.

ఇక ఆ పదిహేను నిమిషాల్లో లోపల ఏమవుతోంది? ఇది రాయడానికే ఈ వ్యాసం ఒప్పుకొన్నానేమో. తాళం తెలియదనే మిత్రులకి, ఒక్క సాయంత్రంలో పట్టుబడే సంగతి చెబుతాను.

ఆది తాళం తీసుకోండి. కుడిచేత్తో తొడ మీద ఒక దెబ్బ. తరవాత చిటికెన వేలు, ఉంగరపు వేలు, నడిమి వేలు ఒక్కొక్కటిగా. నాలుగు. మళ్లీ ఒక దెబ్బ, చెయ్యి వెల్లకిల తిప్పడం. ఇంకోసారి దెబ్బ, తిప్పడం. ఎనిమిది. ఇది ఒక ఆవర్తం. వాయిస్తున్నవాడు ఏం చేస్తున్నాడో అర్థం కాకపోయినా ఫరవాలేదు, మీ చేతిని మాత్రం ఆపకండి. అతడు మీ చేతినించి దూరంగా పోతున్నట్టుంటాడు, ఎదురు నడుస్తున్నట్టుంటాడు, ఒక్కోసారి తప్పాడేమో అనిపిస్తాడు. చివరికి మీ దెబ్బ మీదే వచ్చి వాలతాడు. ఆ వాలడం ఒక్కసారి చేతికి తెలిస్తే ఇక తనికి కుర్చీలోంచి లేవలేరు.

ఎలా వాలతాడంటే లెక్కే. ఎనిమిది దెబ్బల్లో ఒక్కొక్కదాన్ని నాలుగు మాత్రలుగా విడగొడితే ఆవర్తానికి 32. రెండో సగంలో 16 మాత్రలున్నాయి. 'త-ది-గి-ణ-తొం' అన్న జతికి అయిదు అక్షరాలు. మూడుసార్లు వాయిస్తే 15. ఒక మాత్ర తక్కువయింది. అంచేత ఆ సగం మొదట్లో ఒక్క మాత్ర మౌనంగా వదిలేసి, తరవాత అందుకొంటే, మూడో 'తొం' సరిగ్గా పదహారో మాత్ర మీద పడుతుంది. ఆ వెంటనే కొత్త ఆవర్తం మొదటి దెబ్బ. ఇది బడిపిల్లల లెక్క. అసలు తనిలో ఇలాంటివి ఎన్నో ఆవర్తాల పొడుగున అల్లుతారు. నడక నాలుగులోంచి మూడుకీ, అయిదుకీ, ఏడుకీ మారుస్తారు. ఘటమో కంజిరో కూడా ఉంటే మృదంగం వాయించినదానికి అది జవాబు చెబుతుంది. వంతులు పోనుపోను చిన్నవవుతాయి, చివరికి రెండూ కలిసిపోతాయి. ఆఖర్న కోర్వై మూడుసార్లు. మూడోది ముగిసిన చోట గాయకుడు పాట ఎత్తుగడ అందుకొంటాడు. ఇదంతా కాగితం చూసి చేసేది కాదు. లెక్క తప్పితే దాచుకోవడానికి పక్కన పాట లేదు.

కచేరీ అంతా అతడు వేరొకరి పాటకి కాపలా కాశాడు. గాయకుడు తూలితే ఆనుగా నిలబడ్డాడు. ఆ రోజు గొంతు పట్టేసిన గాయకుణ్ని నిలబెట్టినది వయొలిన్, మృదంగాలే అని మాకు అప్పట్లో తెలియలేదు. తనకంటూ దొరికినది ఆ పదిహేను నిమిషాలు. పక్కవాద్యాల వారికి గౌరవం ఊరికే రాలేదు. మన విజయనగరంలో ద్వారం వెంకటస్వామి నాయుడు గారు వయొలిన్‌ని పక్క నుంచి మధ్యకి తెచ్చి ఏకవాద్య కచేరీకి తగిన వాద్యమని నిరూపించారు. మృదంగంలో పాల్ఘాట్ మణి అయ్యర్ గారు మద్రాసు మ్యూజిక్ అకాడమీ వారి 'సంగీత కళానిధి' అందుకొన్న మొట్టమొదటి మృదంగ విద్వాంసుడు. ఇంత జరిగాక కూడా, తని వచ్చేసరికి మనం కాఫీకి లేస్తున్నాం. నచ్చనిది గాయకుడి పాట, శిక్ష పడేది మృదంగానికి. ఇదేం న్యాయమండీ?

కొంచెం పక్కకి పోతాను. కచేరీ మధ్యలో లేవడమే సంగీతమైన సందర్భాలు కూడా లోకంలో ఉన్నాయి. ఆస్ట్రియా సంగీతకర్త హైడన్, తన ప్రభువు ఎస్టర్‌హాజీ వేసవి భవనంలో వాద్యకారులను ఎంతకీ ఇళ్లకి పంపకపోతే, 1772లో ఒక సింఫనీ రాశాడు. 45వది. దాని చివరి భాగంలో వాయించేవారు ఒక్కొక్కరే తమ వంతు ముగించి, కొవ్వొత్తి ఆర్పి, లేచి వెళ్లిపోతారు. చివరికి ఇద్దరు వయొలిన్‌లవారే మిగులుతారు. ప్రభువుకి అర్థమయిందట. ఇక 1952 ఆగస్టు 29న న్యూయార్క్ రాష్ట్రం వుడ్‌స్టాక్‌లో డేవిడ్ ట్యూడర్ అనే పియానో విద్వాంసుడు జాన్ కేజ్ రచన ఒకటి ప్రదర్శించాడు. నాలుగు నిమిషాల ముప్ఫైమూడు సెకన్లపాటు ఒక్క మీటా నొక్కలేదు. బయటి గాలి, పైకప్పు మీద చినుకులు, గుసగుసలు, విసుగెత్తి లేచి వెళ్లేవారి అడుగుల చప్పుడు, ఇవే సంగీతమన్నాడు కేజ్. మధ్యలో లేచినవాడి అడుగులు కూడా కచేరీలో భాగమైన రచన నాకు తెలిసి అదొక్కటే. మన హాళ్లలో మాత్రం ఆ చప్పుడు కోర్వై మధ్యలో పడుతుంది.

అలాగని అన్ని కచేరీలనీ ఒకే గాటన కట్టకూడదు. సినీ సంగీత విభావరుల లెక్క వేరు. అక్కడ పేరున్న గాయకుడు పదిన్నరకి వస్తాడు, మూడు పాటలు పాడతాడు. అంతదాకా మనల్ని కూర్చోబెట్టడానికి స్థానిక బృందం, లక్కీ డ్రా, సన్మానాలు. కచేరీ ముందుకి సాగే కొద్దీ పెరిగేదేమీ లేదు, ఎదురుచూపు తప్ప. అక్కడ మీకు విసుగు పుడితే, పాటకీ పాటకీ మధ్య నిక్షేపంగా లేవండి. ఇంకో బలమైన కారణం కూడా ఉంది. చెవులు. 85 డెసిబెల్‌ల మోతని రోజుకి 8 గంటలు భరించవచ్చునని ఒక ప్రామాణిక లెక్క. మోత ప్రతి 3 డెసిబెల్‌లు పెరిగితే ఆ వ్యవధి సగానికి తగ్గుతుంది. 88కి 4 గంటలు, 91కి 2, 94కి 1, 97కి అరగంట, 100కి పావుగంట. సభాస్థలాల్లో మోత సగటున 100 డెసిబెల్‌లు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ప్రమాణం ప్రకటించింది. మన వార్షికోత్సవాల్లో వేదికకి రెండు పక్కలా మనిషెత్తు పెట్టెలు పెట్టి మోగించేది ఎంతో నేను కొలవలేదు గాని, పక్కవాడి చెవిలో అరిచినా వినపడకపోతే, రాత్రి పడుకొన్నాక చెవుల్లో కీచురాయి అరుస్తుంటే, అది మించినట్టే. అలాంటిచోట ముందువరస వదిలేయడం అమర్యాద కాదు, వైద్యం.

శాస్త్రీయ కచేరీలో చివరిదాకా ఉండడానికి అనుకూలంగా ఒక మాట చెప్పాలి. దీన్ని సమర్థించేది చన్నీళ్ల ప్రయోగం. 1993లో డానియల్ కానమన్ (2002లో అర్థశాస్త్రంలో నోబెల్ పొందినాయనే) తన సహచరులతో ఒక పరిశోధన ప్రచురించాడు. మనుషుల చేత ఒకసారి 14 డిగ్రీల నీళ్లలో 60 సెకన్లు చెయ్యి పెట్టించారు. ఇంకోసారి అదే 60 సెకన్లు పెట్టించి, తియ్యనీయకుండా మరో 30 సెకన్లు ఉంచారు, ఆ 30 సెకన్లలో నీళ్లని మెల్లిగా 15 డిగ్రీలకి తెచ్చారు. మళ్లీ చెయ్యాలంటే ఏది చేస్తారని అడిగితే ఎక్కువమంది రెండోదే కోరుకొన్నారు. మొత్తం బాధ అందులోనే ఎక్కువ. కాని ముగింపు కాస్త హాయి. మన జ్ఞాపకం మొత్తాన్ని కూడదు, శిఖరాన్నీ చివరనీ పట్టుకొంటుంది.

మన పెద్దలు చన్నీళ్లలో చేతులు పెట్టకుండానే ఇది కనిపెట్టారు. కచేరీ చివర తుక్కడాలు పెట్టారు. బరువైన రాగం, కటువైన లెక్కలు అయ్యాక ఒక జావళి, ఒక తిల్లాన. గొంతు సహకరించని విద్వాంసుడు కూడా ఒక్కోసారి ఆఖరి చిన్న పాటలో మనల్ని కట్టిపడేస్తాడు. నాకు అలాంటి సాయంత్రాలు మూడో నాలుగో గుర్తున్నాయి. ప్రధాన కృతి ఏ రాగమో మరచిపోయాను, చివరి పదం ఇంకా చెవిలో ఉంది. మధ్యలో లేచినవాడు ఆ చేదునే చివరిగా మూటకట్టుకొని ఇంటికి పోతాడు. అయితే ఇది పందెం లాంటిది. చివర కూడా చప్పగా ఉన్న కచేరీలు నేను బోలెడు విన్నాను, ఆ మాట దాచను.

మరి ఎప్పుడు లేవాలి? తని ముగిసి, గాయకుడు పాట ఎత్తుగడ అందుకొని ఆపగానే పెద్ద చప్పట్లు పడతాయి. ఆ చప్పట్లు మీరూ కొట్టి, వాటి మాటున లేవండి. అది కచేరీ మొత్తానికీ సిసలైన గుమ్మం. ప్రధానమైనది విన్నారు, పక్కవాద్యాలకి వారి వంతు ఇచ్చారు, మిగిలింది తుక్కడాలు. అంతకు ముందే వెళ్లక తప్పదని తెలిస్తే రెండు పాటల మధ్య వెళ్లండి, రాగాలాపనలో మాత్రం వద్దు. తొందర పని ఉన్న రోజు వరస చివర కుర్చీ చూసుకోండి. ముందువరసలో పాసు మీద కూర్చొని లేవకండి. అక్కడ ఖాళీ అయిన కుర్చీ వేదిక మీదికి పలకలా కనపడుతుంది. సెల్‌ఫోను వెలిగించి దారి వెతుక్కోకండి. సభలవారికి కూడా ఒక విన్నపం. ముఖ్య అతిథుల మాటలు చివరికి పెట్టుకోండి, చెప్పిన వేళకి వర్ణం మొదలుపెట్టించండి. మన ఊళ్లల్లో తనికి లేచేవారిలో సగం మందిని లేపేది విసుగు కాదు, ఆఖరి బస్సు.

బస్సంటే గుర్తొచ్చింది. ఆ రోజు మేము లేచింది ఎనిమిదీ యాభైకి. బస్టాపు హాలుకి ఎదురుగానే. తొమ్మిదింబావు దాకా టీ కొట్టు దగ్గర నిలబడ్డాం. హాలు బయట కట్టిన లౌడ్‌స్పీకరులోంచి తని మొత్తం వినపడుతూనే ఉంది. చివరి కోర్వైకి టీ కొట్టువాడు గ్లాసు కడగడం ఆపేశాడు. మేము లోపలే కూర్చొని విన్నా బస్సు హాయిగా అందేది.

మా మిత్రుడు రెండు రోజులు మాతో మాట్లాడలేదు, మూడో రోజున మామూలయ్యాడు. ఆ ప్రస్తావన అతనూ తేలేదు, మేమూ తేలేదు. నెల్లాళ్ల తరవాత ఒక ఆదివారం వాళ్లింటికి భోజనానికి వెళ్లాం. పెద్దాయన వాకిట్లో మడత మంచం మీద కూర్చొని మృదంగానికి వారు బిగిస్తున్నారు. మమ్మల్ని చూసి లోపలికి కేకేసి మంచినీళ్లు తెప్పించారు. మేము ఆరుగురం వరసగా అరుగు మీద కూర్చున్నాక, ఒకసారి అందరికేసీ చూసి అడిగారు.

"ఆ రోజు బస్సు దొరికిందా బాబూ?"

"దొరికిందండీ" అన్నాను.

"మంచిది" అని మళ్లీ వారు బిగించుకోసాగారు.